కిసుములో బా దుకా: చీటీ రాసుకుని వెళ్తే 5 స్టార్లకి 2, ఊరికే వెళ్తే 4

ముందే చెప్పేస్తున్నా, ఈ కొట్టు పేరేంటో నాకు తెలియదు. నాలుగేళ్ళ నుంచి వారానికి రెండుసార్లు వెళ్తున్నాను, ఇప్పటికీ తెలియదు. బోర్డు మీద కూల్‌డ్రింకు కంపెనీ వాళ్ళు వేసిన ఎర్ర రంగు మిగిలింది, పేరు ఉండాల్సిన చోట వాననీళ్ళ చారలు మిగిలాయి. వీధిలో వాళ్ళు "ముహిందీ దుకా" అంటారు, అంటే ఇండియావాళ్ళ కొట్టు అని. మేము బా దుకా అంటాం. బా అంటే గుజరాతీలో అమ్మ. ఓనరు డెబ్భై దాటిన గుజరాతీ పెద్దావిడ, ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు.

మాది గుంటూరు. నేనూ మా ఆయనా కెన్యాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుము అనే ఊళ్ళో మిషనరీలుగా ఉంటున్నాం. ఆయన బైబిల్ కాలేజీలో పాఠాలు చెబుతారు, నేను సండే స్కూలు టీచర్లకి ట్రైనింగ్ ఇస్తాను, మిగిలిన టైములో (అంటే చాలావరకు టైమంతా) వంట, నీళ్ళు, గ్యాసు, కరెంటు టోకెన్లు, చెప్పకుండా వచ్చే అతిథులు. ఇలా రావాలనుకునే తెలుగు జంటలు అప్పుడప్పుడు మెసేజ్ పెడుతుంటారు. పరిచర్య ఎలా ఉంది, భాష కష్టమా అని అడుగుతారనుకుంటాం కదా, అడుగుతారు, కానీ మూడో మెసేజ్‌కల్లా "అక్కా, అక్కడ కందిపప్పు దొరుకుతుందా?" అని వచ్చేస్తుంది. ఒక్కొక్కరికీ విడిగా టైపు చేసే ఓపిక లేక ఈ రివ్యూ రాస్తున్నాను.

జవాబు: దొరుకుతుంది. ఎప్పుడు అని మాత్రం అడగకండి.

మొదటి నెల సపోర్టు డబ్బులు రాగానే మా ఆయన ఇండియాలో అలవాటు ప్రకారం నెల సరుకుల చీటీ రాశారు. ఆయన చీటీ మామూలుగా ఉండదు, వరస నంబర్లు వేసి, పక్కన కిలోలు, దాని పక్కన అంచనా ఖర్చు, కింద గీత గీసి టోటల్. మొత్తం 23 ఐటమ్స్. కందిపప్పు, మినపగుళ్ళు, సోనామసూరి బస్తా, ఇంగువ, ధనియాలు, ఎండుమిరపకాయలు, అలా. చీటీ పట్టుకుని టుక్‌టుక్ ఎక్కాం. టుక్‌టుక్ అంటే మన ఆటోనే, బండి కూడా మన దేశం నుంచి వచ్చిందే, కళ్ళు మూసుకుంటే అరండల్‌పేటలో ఎక్కినట్టే ఉంటుంది, డ్రైవరు పెట్టే పాటలు తప్ప.

కొట్టు ముందంతా ఇనుప కటకటాలు. లోపలికెళ్ళి మనమే తీసుకునే పద్ధతి కాదు. సందులోంచి అడగాలి, వాళ్ళు తీసిస్తారు. మా చిన్నప్పుడు వీధి చివర శెట్టిగారి కొట్టు ఎలా ఉండేదో అచ్చం అలాగే, అదే గోనెసంచుల వాసన. బా కళ్ళజోడు సర్దుకుని చీటీ మొత్తం చదివింది. తొమ్మిదింటి పక్కన టిక్కు పెట్టింది. మిగతా పద్నాలుగింటికీ కలిపి ఒకటే మాట అంది, "బాదో."

బాదో అంటే స్వాహిలీలో "లేదు" కాదు, "ఇంకా". ఇంకా రాలేదు, ఇంకా కాలేదు, ఇంకా చూడాలి, అన్నిటికీ అదొక్కటే. మా ఆయన ఊరుకోరు కదా, "ఇంకా అంటే రేపా, ఎల్లుండా?" అని పట్టుకున్నారు. బా ఆయన్ని ఎగాదిగా చూసి, చీటీ మడతపెట్టి వెనక్కిచ్చేసి హిందీలో అంది, "బాబూ, ముందు కొట్టులో ఏముందో చూసుకో, తర్వాత ఏం వండుకోవాలో ఆలోచించుకో." తిరుగు దారిలో ఆటోలో మా ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ చీటీ మాత్రం పారేయలేదు, డైరీలో పెట్టుకున్నారు. ఎప్పుడైనా అందులోది ఒకటి దొరికితే ఇంటికొచ్చి టిక్కు పెడతారు. పంతం.

ఈ బాదో అనే మాట మాకు ఇంకో చోట కూడా పనికొచ్చింది. మాకు పెళ్ళయి ఎనిమిదేళ్ళు, పిల్లల్లేరు. ఇక్కడ ఎవరింటికి వెళ్ళినా పేరు తర్వాత రెండో ప్రశ్న పిల్లలెంతమంది అనే. గుంటూరులోనూ అంతే అనుకోండి, అక్కడ గొంతు తగ్గించి "విశేషమేమీ లేదా" అంటారు, ఇక్కడ గట్టిగానే అడిగేస్తారు. మొదట్లో నేను "హపానా", అంటే లేదు, అనేదాన్ని. అడిగినవాళ్ళ మొహం వాడిపోయేది, వాళ్ళని నేనే ఓదార్చాల్సి వచ్చేది. ఒకరోజు కొట్టు దగ్గర ఎవరో అడిగితే నేను నోరు తెరిచేలోపే కటకటాల వెనక నుంచి బా "బాదో" అనేసింది. అడిగినావిడ సరేనని తల ఊపి చక్కెర పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది. అప్పట్నుంచి నేనూ అదే అంటున్నాను.

సరే, సరుకుల సంగతికి వద్దాం, రివ్యూ అని పేరు పెట్టాక ఆ మాత్రం రాయాలి కదా. ధరలు రాయట్లేదు, పోయిన వారం ఉన్నది ఈ వారం ఉండదు. మన రూపాయి సుమారు ఒకటిన్నర షిల్లింగు, ఆ లెక్కన మీరే చూసుకోండి.

కందిపప్పు గురించి నవ్వొచ్చే విషయం ఏంటంటే కందులు ఈ దేశంలోనే పండుతాయి. తూర్పు వైపు మచాకోస్, మకువేని, కితుయి ప్రాంతాల్లో బాగా వేస్తారు, ఇండియాకి ఎగుమతి కూడా చేస్తారు. గుంటూరులో నేను తిన్న ముద్దపప్పులో కొంతైనా ఇక్కడి నుంచి వచ్చిందేమో, ఇప్పుడు ఇక్కడికొచ్చి దాని కోసం కటకటాలు పట్టుకుని నిలబడుతున్నాను. బా దగ్గర పప్పు వచ్చినప్పుడు బాగానే ఉంటుంది, పది నిమిషాల్లో మెత్తగా ఉడుకుతుంది. ఆగి ఆగి కొంటే మాత్రం పురుగు. జల్లెడ ఇంటి నుంచే తెచ్చుకోండి, ఎండలో ఆరబెట్టే ముందు ఆకాశం కూడా చూసుకోండి, ఎందుకంటే వానాకాలంలో పొద్దున ఎండ చూసి మోసపోతే మధ్యాహ్నం ఉరుముల వాన సరస్సు వైపు నుంచి ఎప్పుడొచ్చిందో తెలిసేలోపే పప్పు నానిపోతుంది. నాకు రెండుసార్లు అయింది. రెండోసారి రుబ్బి వడలు వేసేశాను.

పెసలు మాత్రం ఏడాది పొడుగునా ఉంటాయి. ఇక్కడివాళ్ళు న్దెంగు అంటారు, కూరలా వండుకుని చపాతీతో తింటారు. దీంతో మా ఇంట్లో ఇడ్లీ వెనకపడిపోయి పెసరట్టు రోజూ టిఫినైపోయింది. పొట్టు మినప్పప్పు అప్పుడప్పుడు దొరుకుతుంది, గుళ్ళు దొరకవు, పొట్టు కడిగే నీళ్ళు ట్యాంకులో ఉండవు, కాబట్టి పెసరట్టే. ఎల్డొరెట్‌లో ఉన్న మాకు తెలిసిన జంటతో పోలిస్తే మేము నయం, అది రెండు వేల మీటర్లు దాటిన చలి ఊరు, వాళ్ళు ఇడ్లీ పిండికి దుప్పటి కప్పి పడుకోబెడతారట, అయినా పొంగదట.

బియ్యం విషయంలో సోనామసూరిని మర్చిపోవడమే మంచిది. కిసుముకి తూర్పున దగ్గర్లోనే అహేరో అని ఊరుంది, అక్కడ కాలవల కింద వరి పండుతుంది. ఆ బియ్యం లావు, నీళ్ళు ఎక్కువ తాగుతుంది, మొదటి నెలంతా నాకు అన్నం బదులు సంకటి వచ్చింది. అలవాటైతే పెరుగన్నానికి దీన్ని మించింది లేదు. మ్వేయా పిషోరి అని ఇంకో రకం ఉంది, మంచి వాసన, అతిథులొస్తే అది. రాగులు విరివిగా ఉన్నాయి, విమ్బి అంటారు, జావ కాచుకుని తాగుతారు. రాయలసీమ వాళ్ళెవరైనా వస్తే బెంగపడక్కర్లేదు. ఉగాలి అంటే తెల్లని మొక్కజొన్న సంకటి అనుకోండి, వేళ్ళతో ముద్ద చేసి బొటనవేలితో గుంట పెట్టి కూర తీసుకుని తినాలి. చేత్తో తినడం, తినే ముందు అతిథి చేతుల మీద చెంబుతో నీళ్ళు పోయడం, ఇవి మాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

బెల్లం బ్రహ్మాండం. సుకారి న్గురు అంటారు, ఈ చుట్టుపక్కలంతా చెరకు బెల్టు. పక్కనే మివాని అని ఒక ఊరుంది, ఆ పేరుకి అర్థమే "చెరకుల్లో" అని.

ఆకుకూరలు బా అమ్మదు, కొట్టు ముందు గోనెపట్టాల మీద కూర్చునే లువో తెగ ఆడవాళ్ళు అమ్ముతారు. వాళ్ళ దగ్గర దెక్ అని ఒక ఆకు చూసి నేను అక్కడే కూర్చుండిపోయాను. మన వామింట! మా నాయనమ్మ పోయాక మా ఇంట్లో ఎవరూ వండని వామింట, గుంటూరులో వెతికినా దొరకని వామింట, ఇక్కడ కట్టలు కట్టలు. వీళ్ళు చేదు విరగడానికి పాలు పోసి వండుతారు, నేను చింతపండు పులుసు పెట్టాను, మా చర్చి అక్కలకి కొంచెం ఇస్తే మొహమాటానికి ఒక ముద్ద తిని నీళ్ళు తాగారు. కామంచి ఆకు కూడా ఉంది, ఒసుగ అంటారు. ఒమెన అని వేలెడంత లేని సరస్సు చేపలు ఎండబెట్టి అమ్ముతారు, మన నెత్తళ్ళ లాగే, రెండు కిలోలు పట్టే గొరొగొరొ అనే డబ్బాతో కొలిచి ఇస్తారు, మానికతో కొలిచినట్టు. ఒమెన పొట్లం చేతిలో ఉంటే మాత్రం బా కొట్టుకి వెళ్ళకండి. శుద్ధ శాకాహారి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దూరం నుంచే చిల్లర విసురుతుంది.

కారం గురించి ఏం చెప్పను. గుంటూరు మనిషిని, నన్ను అడగకపోవడమే మంచిది. రంగు ఉంటుంది. ఒక స్టారు అక్కడే పోయింది. ఇక్కడి పిలిపిలి అనే చిన్న మిరపకాయలు ఎండబెట్టి దంచుకుంటున్నాం, ఘాటు ఉంటుంది కానీ ఆవకాయకి పనికిరాదు. ఊరి నుంచి పచ్చడి తెచ్చుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, జైలు శిక్ష దాకా రాసి ఉంది చట్టంలో. మేము గోంగూర సీసాలకి ఏడేసి కవర్లు చుట్టుకుని దిగాం. ఆ కవర్లన్నీ నైరోబీ ఎయిర్‌పోర్టు బాత్రూములో విప్పి, సీసాలని మా ఆయన లుంగీల్లో చుట్టిన కథ ఇంకెప్పుడైనా చెబుతాను. ఆ లుంగీలకి ఇప్పటికీ ఇంగువ వాసన పోలేదు.

డెలివరీ గురించి. ఉంది, కానీ గంటల లెక్క తెలిసుండాలి. ఇక్కడ గంటలు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడతారు, మన జాముల లెక్కలా. ఉదయం ఏడు అంటే ఒకటో గంట. మేము భూమధ్యరేఖ పక్కనే ఉన్నాం కాబట్టి ఏడాదంతా పొద్దు దాదాపు ఒకే వేళకి పొడుస్తుంది, వాళ్ళ లెక్కే న్యాయం నిజానికి. మాకు తెలియదు. గ్యాసు అయిపోయి బా దగ్గర చెబితే "సా నానె"కి పంపిస్తానంది. నానె అంటే ఎనిమిది. రాత్రి ఎనిమిదికి కదా అని మేమిద్దరం ఊళ్ళో పని చూసుకుని ఏడున్నరకి ఇంటికొచ్చాం. ఎనిమిదో గంట అంటే మధ్యాహ్నం రెండు. సిలిండర్ వచ్చింది, తాళం చూసింది, వెళ్ళిపోయింది. మేము ఇంటికొచ్చిన వేళకి సరిగ్గా కరెంటు పోయింది, సరిగ్గా అప్పుడే మా ఆయన కాలేజీ విద్యార్థి ఒకతను, భార్య, తల్లి, ఇద్దరు పిల్లలు, వాళ్ళ ఊరి నుంచి ఒక బతికున్న కోడి, గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఫోన్ చేసి రావడం ఇక్కడ మర్యాద కాదు, వచ్చినవాళ్ళకి తిండి పెట్టకుండా పంపడం అసలే కాదు.

మా ఆయన కుంపటి తీశారు. జికో అంటారు, చుట్టూ రేకు, లోపల మట్టి పొయ్యి, మన కుంపటి కంటే బొగ్గు తక్కువ తాగుతుంది. పీహెచ్‌డీ చేస్తున్న మనిషి నా చున్నీ తలకి చుట్టుకుని కాలేజీ ప్రాస్పెక్టస్‌తో బొగ్గులు విసురుతుంటే ఆ విద్యార్థి చూడలేక, మాస్టారిని లేపి తను కూర్చున్నాడు. ఇంతలో వాళ్ళమ్మ నా చేతిలో గరిటె తీసుకుంది. అడగలేదు, తీసుకుంది అంతే. ఉగాలి ఆవిడ కలిపింది, కోడి ఆవిడే కోసింది, నేను పులుసులో పిలిపిలి వేశాను. రాత్రి పదిన్నరకి అందరం కొవ్వొత్తి వెలుగులో తిన్నాం. నా వంటగదిలో నన్ను పక్కకి జరిపితే గుంటూరులో అయితే మా ఆడపడుచునైనా ఊరుకునేదాన్ని కాదు.

డబ్బు చెల్లింపు. ఎం-పెసా తీసుకుంటారు, ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి ఇది, 2007లోనే మొదలైంది, మనకి ఫోన్‌పే రావడానికి చాలా ముందు. ఆకుకూర కట్టకి కూడా అదే. (పెసా అంటే డబ్బు, మన పైసానే. రంగుని రంగి అంటారు, గోనెసంచిని గునియా, లక్షని లకి. మొదటి వారం ఇవి విని స్వాహిలీ మూడు నెలల్లో వచ్చేస్తుందనుకున్నాం. క్రియలు మొదలయ్యాక తెలిసింది.) ఇంతకీ అసలు విషయం ఖాతా పుస్తకం. కటకటాలకి ఒక అట్ట కట్టి ఉంటుంది, "లెయో పెసా, కెషో దెని" అని. ఈరోజు నగదు, రేపు అరువు. మన కొట్లలో "అరువు రేపు" అని రాస్తారే, అదే. ఆ అట్ట వెనకాలే బా అరువు పుస్తకం పెట్టుకుంటుంది.

మా సపోర్టు పెద్ద సంస్థ నుంచి వచ్చేది కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చిన్న చిన్న సంఘాలు, నెలకి రెండొందలు, అయిదొందలు వేసేవాళ్ళు, పిడికెడు బియ్యం కూడబెట్టి అమ్మి ఇచ్చే అమ్మమ్మలు. అది ఒక నెల మూడో తారీఖుకి వస్తుంది, ఒక నెల పద్దెనిమిదికి. మిర్చి రేటు పడిపోయిన ఏడాది ఇంకా ఆలస్యం. ఇక్కడ ఎవరికీ అర్థం కాని ఈ విషయం బాకి వెంటనే అర్థమైంది, "ధర పడితే రైతు చేతిలో డబ్బు ఆడదు కదా" అని పేజీ తిప్పి కొత్త లైను రాసుకుంది. వడ్డీ లేదు. కానీ అరువు రెండు వందల షిల్లింగులు దాటితే చక్కెర సగం తూచుతుంది, బీపీ వస్తుంది అంటుంది. ఎవరి బీపీయో చెప్పదు.

ఇప్పుడు ఈ కొట్టు దగ్గర మాకు ఎదురయ్యే అసలు సమస్య. గుంటూరులో మిషనరీ అంటే దొర. 1842లో అమెరికా మిషన్ తరఫున హెయ్యర్ దొర గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి మన బుర్రల్లో ఆ బొమ్మే ఉండిపోయింది. కిసుములోనూ మిషనరీ అంటే తెల్లవాళ్ళే. మరి గోధుమ రంగు మనిషి అంటే? కొట్టు ఓనరు. రైలు 1901లో మొంబాసా నుంచి ఇక్కడిదాకా వచ్చింది, పట్టాలు వేసింది ఇండియా నుంచి తెచ్చిన కూలీలు, వాళ్ళ వెంట గుజరాతీ వ్యాపారులు దుకాలు పెట్టుకుంటూ వచ్చారు. నూట ఇరవై ఏళ్ళుగా వీళ్ళు చూసిన ఇండియన్ కటకటాల వెనకే ఉన్నాడు. అందుకని నేను బా కొట్టు ముందు నిలబడితే పక్కవాళ్ళు నన్నే అడుగుతారు, చక్కెర ఎంత అని. మొదట్లో చిరాకేసేది. నేను సేవ చేయడానికి వచ్చాను, నన్ను చక్కెర ధర అడుగుతారేంటి అని.

(తెలుగువాళ్ళం ఆఫ్రికాకి మిషనరీలుగా రావడం మాతో మొదలవలేదు. 1903లోనే నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు, కనకమ్మ గారు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి వెళ్ళారు, తెలుగు బాప్తిస్టు సంఘాలు పంపిస్తే. అక్కడ తోటల్లో పనిచేసే తెలుగు కూలీలు ఉండేవారు, మాట్లాడుకోవడానికైనా మనుషులున్నారు. ఆవిడ కారానికి ఏం చేసేవారో అని ఒక్కోసారి ఆలోచిస్తుంటాను.)

పోయిన ఏడాది ఒక శనివారం. బా దగ్గర పనిచేసే మ్జే, అంటే పెద్దాయన, అంత్యక్రియలకి ఊరెళ్ళాడు. ఇక్కడ శనివారాలు సగం ఊరు ఎవరో ఒకరి అంత్యక్రియల్లోనే ఉంటుంది. నేను మెంతులకని వెళ్తే బా మోకాలు పట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంది, క్లినిక్‌కి వెళ్ళాలి, కొట్టు మూస్తే మధ్యాహ్నం బేరం పోతుంది. "ఒక్క గంట కూర్చో" అంది. నా పర్మిట్ మత సేవకి ఇచ్చింది, వ్యాపారానికి కాదు అన్నాను. "కూర్చోవడం వ్యాపారం కాదు" అని తాళంచెవులు నా ఒళ్ళో పడేసి వెళ్ళింది. గంట కాదు, రెండున్నర గంటలు.

కటకటాల ఇవతలి నుంచి కాకుండా అవతలి నుంచి చూస్తే వీధి వేరేగా ఉంటుంది. అందరూ నిలబడి అడుగుతుంటారు, నువ్వు కూర్చుని ఇస్తుంటావు. పది షిల్లింగుల చక్కెర, ఇరవై షిల్లింగుల నూనె, అర సబ్బు. సబ్బుని దారంతో కోసి సగం అమ్ముతారని నాకు అప్పటిదాకా తెలియదు, నేను ఎప్పుడూ నిండు సబ్బే కొన్నాను. ఒక చిన్నపిల్ల నాలుగుసార్లు వచ్చింది, ప్రతిసారీ ఒక్కటే టీపొడి ప్యాకెట్, అతిథులు ఒకరి తర్వాత ఒకరు వస్తున్నట్టున్నారు. అంతలో మా చర్చి అక్క ఒకావిడ వచ్చి, కటకటాల వెనక నన్ను చూసి, చేతిలో బుట్ట కింద పెట్టి మరీ నవ్వింది. "మామా మ్చుంగాజి, ఇప్పుడు నిజంగా ముహిందీ అయిపోయావు!" మామా మ్చుంగాజి అంటే పాస్టరమ్మగారూ అని. వీధంతా వినపడేలా అంది. ఆ ఆదివారం నా సండే స్కూలు ట్రైనింగుకి ఎప్పుడూ రాని ముగ్గురు వచ్చారు. అందులో ఒకావిడ మొదటి ప్రశ్న, నూనె పాత ధరకే ఇస్తావా అని.

లెక్కలో నలభై షిల్లింగులు తక్కువొచ్చాయి. బా పుస్తకంలో నా పేరు మీద రాసుకుంది. అదన్నమాట ఆవిడ పద్ధతి.

మతం సంగతి కూడా రాస్తాను, ఎలాగూ అడుగుతారు. మొదటి నెలలోనే బా సూటిగా అడిగింది, మీరు మతం మార్చేవాళ్ళా అని. మేము ఎవరిమో, ఏం చేస్తామో ఉన్నదున్నట్టు చెప్పాం. "నా కొట్టులో దేవుడు ఆల్రెడీ ఉన్నాడు" అని గల్లాపెట్టె మీద ఫోటో చూపించింది. సరే అన్నాం. దీపావళికి ఆవిడ స్వీట్లు పంపుతుంది, క్రిస్మస్‌కి మేము అరిసెలు పంపుతాం. మొదటి ఏడాది అరిసెలకి తడి బియ్యం పోషో మిల్లుకి, అంటే ఇక్కడి పిండిమరకి, తీసుకెళ్తే మరాయన నన్ను గేటు బయటే ఆపేశాడు, తడి గింజ వేస్తే రాయి పాడవుతుందని. నిజమే పాపం. బా తన ఇంట్లోంచి ఇత్తడి రోలు పంపింది, దాంతో నేనూ మా ఆయనా వంతులు వేసుకుని దంచాం. అహేరో బియ్యానికి పాకం కొంచెం ముదురుగా పట్టాలి, ఇది రాసిపెట్టుకోండి. మొదటి వాయి అరిసె విరగ్గొట్టడానికి ఆ రోలే మళ్ళీ కావాల్సి వచ్చింది.

ఇక తిట్టాల్సినవి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా మూసేస్తుంది, గొంతు పగిలేలా అరిచినా తీయదు. అడగని సలహాలు ఎక్కువ, నా జుట్టు రాలడం గురించి వీధిలో అందరి ముందూ మాట్లాడుతుంది. పాత స్టాకు ముందు అంటగడుతుంది, కొత్త బస్తా వెనకాల కనపడుతున్నా సరే. మా ఆయనకి మర్యాదలెక్కువ, నాకు మందలింపులెక్కువ, ఇది మాత్రం ఇండియాని మర్చిపోకుండా చేస్తుంది. పెద్ద సూపర్‌మార్కెట్లు ఊళ్ళో ఉన్నాయి, అక్కడ చీటీ ప్రకారం చాలానే దొరుకుతాయి, ఏసీ కూడా ఉంటుంది. తొందరగా ఉంటే అక్కడికే వెళ్ళండి. మేమూ వెళ్తాం, బాకి తెలియకుండా.

వెళ్ళేవాళ్ళు గుడ్డ సంచి, చిల్లర, జల్లెడ తీసుకెళ్ళండి. ఫోన్ ఛార్జింగ్ ఉందో లేదో చూసుకోండి, కొత్తవాళ్ళకి పుస్తకంలో రాయదు. ఆదివారం సెలవు. దారి అడగాలంటే ముహిందీ దుకా అనండి, మూడు కొట్లు చూపిస్తారు, బోర్డు మీద పేరు కనపడనిదే ఇది.

పోయిన మంగళవారం వెళ్తే బా నన్ను చూసి ఏమీ మాట్లాడకుండా మ్జేకి సైగ చేసింది. ఆయన పై అరలోంచి ఒక పొట్లం దించాడు. మినపగుళ్ళు, తెల్లగా, పొట్టు లేకుండా, అరకిలో. ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పలేదు. ఇంటికి తెచ్చి బల్ల మీద పెడితే మా ఆయన డైరీ తీసి, మడతల దగ్గర చిరిగిపోయిన ఆ చీటీని జాగ్రత్తగా పరిచి, రెండో నంబరు పక్కన టిక్కు పెట్టారు. ఇంకా అయిదు ఉన్నాయి.